కూలిన చెట్టు మర్నాటికి లేచి నిలబడే ఊరు

మొన్న దసరా సెలవుల్లో మా మేనల్లుడు ఇద్దరు స్నేహితులతో, వాళ్ళలో ఒకడి అన్నయ్యను తోడు తీసుకుని, సోంపేటలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాడు. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగులో ఆడుతోందట, అది చూడాలి. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఒక జపాను బొమ్మల సినిమా కోసం అంత దూరం వెళ్ళడం మా ఇంట్లో అందరికీ వింతగానే ఉంది. నేను శ్రీకాకుళం నుంచి పండక్కి ఊరు వచ్చి ఉన్నాను. వాడు తిరిగి వచ్చిన రాత్రి భోజనాల దగ్గర అడిగాను. చిన్నప్పుడు ఛోటా భీమ్ పెడితేగానీ ముద్ద దిగేది కాదు కదా, ఇప్పుడు దాని వంక కూడా చూడవేం అని. బొమ్మలు బాగుండవనో, అది చిన్నపిల్లలదనో అంటాడనుకున్నాను.

“అందులో ఎవరికీ నిన్న జరిగింది గుర్తుండదు అత్తా” అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. మన యానిమేషన్ సీరియళ్ళు వాటికి అందగల ఎత్తును ఎందుకు అందుకోవు అని ఎవరిని అడిగినా డబ్బు చాలదంటారు, లేదా అంత పనితనం మన దగ్గర లేదంటారు. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం మా వాడు చెప్పినదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. సీరియల్ అంటే రోజుల తరబడి నడిచే కథ. రెండు గంటల సినిమాకు దొరకని ఆస్తి ఒకటి దానికి ఉంది. నిన్నటిది మనసులో పెట్టుకుని ఇవాళ వచ్చి కూర్చునే పిల్లవాడు. వాడి జ్ఞాపకాన్ని నమ్మని సీరియల్ ఎంత బాగా గీసినా ఒక చోట ఆగిపోతుంది.

రెండో కాలి పట్టీ

ఈ సంగతి నేను కళ్ళారా చూశాను. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అది ఉద్దానాన్ని ఏం చేసిందో మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. మా ఇంటి వెనక కొబ్బరితోటలో నిలబడి మిగిలిన చెట్లను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాం. జీడితోట కూకటివేళ్ళతో లేచిపోయింది. స్తంభాలు వరసగా పడ్డాయి. మా ఊరికి కరెంటు వచ్చింది పదమూడో రోజున. దారి తెరుచుకోగానే నేను సెలవు పెట్టి ఊరు చేరాను.

మేనల్లుడికి అప్పుడు ఏడేళ్ళు. టీవీ లేదు, ఫోన్లో చార్జింగు లేదు. సాయంత్రం కాగానే బిక్కమొహం వేసుకుని తిరిగేవాడు. అమ్మ అరుగు మీద లాంతరు పెట్టి, ఇరుగుపొరుగు పిల్లలతో కలిపి ఆరుగురిని కూర్చోబెట్టి కథ మొదలుపెట్టింది. గొర్రెల కాపరి కూతురు తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ మహేంద్రగిరి వైపు బయలుదేరిన కథ. ఎక్కడా విన్నది కాదు, అప్పటికప్పుడు అల్లుతోంది. రెండో రాత్రి ఆ పిల్ల ఏరు దాటవలసి వచ్చింది. చేతిలో కాసు లేక ఎడమకాలి మువ్వల పట్టీ విప్పి పడవవాడికి ఇచ్చింది. తరువాత కథ కొండ ఎక్కింది, పులిని చూసింది, తేనెపట్టు దగ్గర ఒక రాత్రంతా ఆగింది.

పదకొండో రాత్రి అమ్మ బాగా అలసిపోయి ఉంది. పగలంతా పడిన చెట్లు నరికిస్తూ ఎండలో నిలబడింది. కథ చెబుతూ చెబుతూ, “చీకట్లో ఆ పిల్ల నడుస్తుంటే రెండు కాళ్ళ పట్టీలూ ఘల్లుఘల్లుమంటున్నాయి” అంది.

మేనల్లుడు లేచి కూర్చున్నాడు. “నానమ్మా, ఒక పట్టీ పడవవాడికి ఇచ్చేసింది కదా. రెండు కాళ్ళూ ఎలా మోగుతాయి?”

అమ్మ ఒక్క క్షణం ఆగింది. లాంతరు వత్తి కాస్త తగ్గించింది. “అదే కదా నాన్నా, ఆ పిల్లకూ అదే అనుమానం వచ్చింది. నడక ఆపి నిలబడింది. తన కాలి పట్టీ ఆగింది. రెండోది మాత్రం వెనకాల మోగుతూనే ఉంది” అంది.

పిల్లలు ఆరుగురూ ఒకరి మీద ఒకరు పడి దగ్గరికి జరిగారు. చిన్నపిల్ల ఒకతె వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. నాకే ఒళ్ళు జలదరించింది. ఆ పదమూడు రోజుల కథలో అంతటి మలుపు ఇంకొకటి రాలేదు. అమ్మ ముందుగా అనుకున్నది కాదు అది. తొమ్మిది రాత్రుల కిందట చెప్పిన చిన్న మాటను ఒక ఏడేళ్ళ పిల్లవాడు దాచుకున్నాడు గనక పుట్టింది.

మా చిన్నతనంలో ఊరికి వచ్చే జముకుల కథ వాళ్ళు మరుసటి రాత్రి కథ ఎత్తుకునే ముందు, నిన్న ఎక్కడ ఆపామో జనం చేత చెప్పించేవారు. వాళ్ళకు తెలియక కాదు. వినేవాళ్ళ దగ్గర ఏముందో చూసుకునేవారు.

కాలియా ఎందుకు మారడు

2008లో పోగో చానల్లో మొదలైన ఛోటా భీమ్‌ను హైదరాబాదులో, గ్రీన్ గోల్డ్ సంస్థలో, రాజీవ్ చిలక బృందం తయారుచేసింది. మన గడ్డ మీద పుట్టి ఇంతకాలం నిలిచిన బొమ్మల సీరియల్ అది. దాని గురించి మాట్లాడేటప్పుడు నాకు చులకన లేదు. మా వాడి పుస్తకాల సంచి మీద, నీళ్ళ సీసా మీద, టిఫిన్ డబ్బా మీద ఆ నారింజ రంగు పంచె ఏళ్ళ తరబడి ఉంది. ప్రేమ ఉంది గనకే ఈ బాధ.

కాలియాను చూడండి. భీమ్ కంటే పెద్ద ఒళ్ళు, కావలసినంత బలం, ఊరంతా తనను కాక ఇంకొకడిని మెచ్చుకుంటుంటే లోపల రగిలే అసూయ. వెనకాల ఢోలు, భోలు. వాళ్ళు తనతో ఉంటారు, తనను చూసి నవ్వుతారు కూడా. కథ రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి పాత్ర దొరకదు. ఏ ఊళ్ళోనైనా, ఏ తరగతిలోనైనా ఉండే పిల్లవాడు. అలాంటివాడు ఓడిపోతాడు, సిగ్గుపడతాడు, ఒక్కోసారి మంచి పని కూడా చేస్తాడు. మర్నాడు మళ్ళీ మొదటి రోజు కాలియాగానే లేస్తాడు. పడిన సిగ్గు ఎక్కడికి పోయిందో తెలియదు.

ఇదే పాత్రకు ఇంకో చోట ఏం జరిగిందో చూడండి. ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ 2005 నుంచి 2008 వరకు మొత్తం 61 భాగాలు నడిచింది. అందులో జూకో అన్న రాకుమారుడు కథానాయకుడిని తరిమే శత్రువుగా మొదలవుతాడు. ముఖం మీద మచ్చ, కన్నతండ్రి కాల్చినది. తనను బిడ్డలా చూసుకునే పెదతండ్రిని రెండో సీజన్ చివర మోసం చేస్తాడు. మూడో సీజన్ చివరిలో, క్షమాపణ అడగడానికి, ఆ పెదతండ్రి గుడారంలోకి వెళ్ళి ఆయన నిద్ర లేచేదాకా కూర్చుంటాడు. మాట పూర్తి కాకముందే ఆయన వాడిని లాగి కౌగిలించుకుంటాడు. అది చాలా చిన్న సన్నివేశం. కానీ దాని వెనక యాభైకి పైగా భాగాలు ఉన్నాయి. ఆ బరువు బొమ్మల్లో లేదు, సంగీతంలో లేదు, నాలో ఉంది. నేను చూస్తూ మోసుకొచ్చినది.

కాలియాకు కూడా అటువంటి ఒక్క కౌగిలి దక్కి ఉంటే ఎలా ఉండేదా అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

ఎందుకు మరచిపోతారు

మరచిపోవడం రచయితల సోమరితనం కాదు. దానికి వ్యాపార కారణం ఉంది. పిల్లల చానల్ ఒకే భాగాన్ని పదే పదే వేస్తుంది, ఒక్కోసారి వరస తప్పించి వేస్తుంది. బడి నుంచి వచ్చి మధ్యలో టీవీ పెట్టిన పిల్లవాడికి ఏ భాగమైనా మొదటి నుంచి అర్థం కావాలి. కాబట్టి ప్రతి భాగమూ ఎలా మొదలైందో అలాగే ముగియాలి.

గీసే పద్ధతి కూడా అటే తోస్తుంది. టీవీ కోసం చేసే యానిమేషన్‌లో ఎక్కువ భాగం పాత్రను కంప్యూటర్లో ముక్కలుగా కట్టిపెట్టుకుని కదుపుతారు. చేయి వేరు, తల వేరు, కనుబొమ్మ వేరు, తోలుబొమ్మ కీళ్ళలాగే. ఊరి వీధి, రాజుగారి కోట, లడ్డూల దుకాణం ఒకసారి గీసుకుంటే ఏళ్ళ తరబడి పనికివస్తాయి. పాత్ర ముఖం మీద మచ్చ పడితే అన్ని వైపుల నుంచీ కొత్తగా కట్టుకోవాలి. వీధిలో ఒక చెట్టు కూలిందంటే, అది కూలే ఉండాలంటే, ఆ వీధి బొమ్మలన్నీ మళ్ళీ గీయాలి. సంచుల మీదా సీసాల మీదా అచ్చయ్యే బొమ్మ మారకూడదు కూడా. అందుకే భీమ్ వాళ్ళ ఊరు ఢోలక్‌పూర్‌లో కూలినది మర్నాటికి లేచి నిలబడుతుంది. మా ఉద్దానంలో 2019 వానల్లో నాటిన కొబ్బరి మొక్కల్లో కొన్ని మాత్రమే ఇప్పుడిప్పుడే తొలి గెల వేస్తున్నాయి.

ఇక్కడ నాకే ఒక సందేహం ఎదురొస్తుంది. దాన్ని దాటవేయలేను. పదమూడో రోజు సాయంత్రం కరెంటు రాగానే మేనల్లుడు చేసిన మొదటి పని టీవీ పెట్టడం. అమ్మ కథ అక్కడే ఆగిపోయింది. టీవీలో ఢోలక్‌పూర్ ఉన్నది ఉన్నట్టు ఉంది. అదే వీధి, అవే చెట్లు, లడ్డూల పళ్ళెంతో అదే టున్‌టున్ మౌసీ. వాడు గోడకు చేరగిలబడి చూస్తున్నాడు. పదమూడు రోజుల తరువాత ఆ ముఖంలో బెదురు పోయింది. తోట మొత్తం కళ్ళముందు పడిపోయిన పిల్లవాడికి ఏదీ పడిపోని ఊరు ఒకటి కావలసి వచ్చింది. ఆ సీరియల్ ఆ రోజు వాడికి చేసిన మేలును నేను కాదనను. చిన్నపిల్లలు ఒకే కథ మళ్ళీ మళ్ళీ చెప్పమనేది అందుకే. లోకం తమ కాళ్ళ కింద కదలకుండా ఉందని నమ్మకం కలగడానికి.

మరపు మీద నిలబడి గొప్పగా వచ్చినవీ ఉన్నాయి. అదే సంస్థ 2019లో నెట్‌ఫ్లిక్స్ కోసం చేసిన ‘మైటీ లిటిల్ భీమ్’లో మాటలే లేవు. పాకే పసివాడు, వాడి అల్లరి. ఏ భాగానికి ఆ భాగమే. అందులో నాకు లోటు కనిపించలేదు. పసివాడికి నిన్న అనేది లేదు కాబట్టి అక్కడ మరపు నిజం.

కానీ ఢోలక్‌పూర్ పసివాడి ప్రపంచం కాదు. రాజ్యం ఉంది, స్నేహం ఉంది, పగ ఉంది, పరువు ఉంది. ఇవన్నీ కాలంతో ముడిపడ్డవే. నిన్నటి సాయం గుర్తులేని స్నేహం, నిన్నటి అవమానం గుర్తులేని పగ నిలబడవు. ఏ సీరియల్ అయినా తాను దేని గురించి మాట్లాడుతున్నానని మొదటి రోజు చెబుతుందో, దానితోనే దాన్ని కొలవాలి. స్నేహం గురించి అని చెప్పిన సీరియల్ స్నేహాన్ని పెంచకపోతే అది లోటే. ఏడేళ్ళ పిల్లవాడు ఆ లోటును పట్టించుకోడు, పదేళ్ళకు గమనిస్తాడు, పన్నెండేళ్ళకు లేచి వెళ్ళిపోతాడు. మా వాడు వెళ్ళిపోయింది జపాను బొమ్మల కథలకు. ఆ ‘డీమన్ స్లేయర్’లో బొగ్గులు అమ్ముకునే ఇంటి పిల్లవాడు, కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడు, రాక్షసిగా మారిన చెల్లెలిని చెక్కపెట్టెలో పెట్టుకుని వీపున మోస్తున్నాడు. పెట్టె దించి ఏమీ జరగనట్టు మర్నాడు ఆడుకోడు. మా వాడికి కావలసింది అదే.

డబ్బు సంగతి

డబ్బు లేకపోతే ఎంతటివారికైనా చేతులు కట్టేసినట్టే. అవతార్ తీసినవాళ్ళే తరువాత తీసిన ‘ద లెజెండ్ ఆఫ్ కోరా’ నాలుగో సీజన్ మధ్యలో బడ్జెట్ తగ్గింది. పనివాళ్ళను తీసేయడం ఇష్టం లేక, పాత సన్నివేశాలను కూర్చి ఒక భాగం చేశారు. ఆ భాగం బాగాలేదని విమర్శించేటప్పుడు ఈ సంగతి తెలిసి ఉండాలి. చాలా సీరియళ్ళు తెరవెనక ఇలాగే కుంటుతాయి.

అయినా డబ్బే మొత్తం కారణమైతే 1963 నాటి జపాను సీరియల్ ‘ఆస్ట్రో బాయ్’ నిలవకూడదు. దాని సృష్టికర్త తెజుకా ఒసాము దాన్ని టీవీకి చాలా తక్కువ ధరకు ఒప్పుకున్నాడు. సెకనుకు 24 ఫ్రేములు నడవాలి, అన్ని బొమ్మలు గీసే స్తోమత లేదు. ఒకే బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు ఉంచారు, కదలని చోట నోరు మాత్రం కదిపారు, గీసిన వాటినే తిప్పి తిప్పి వాడారు. కానీ కథ ఎక్కడ మొదలైంది? కొడుకు ప్రమాదంలో చనిపోతే ఒక శాస్త్రవేత్త అచ్చం వాడిలాంటి మరబొమ్మ పిల్లవాడిని తయారుచేస్తాడు. కొన్నాళ్ళకు వాడు ఎదగడం లేదని గమనిస్తాడు. ఇష్టం చచ్చిపోయి సర్కస్‌కు అమ్మేస్తాడు. ఎదగని పిల్లవాడు అన్న దుఃఖం నుంచే ఆ సీరియల్ పుట్టింది. బొమ్మలు ఎదగకపోవడం తన కళకు ఉన్న పరిమితి అని ఆయనకు తెలుసు, దాన్నే కథగా చేసి పిల్లల ముందు పెట్టాడు. అరవై ఏళ్ళ కిందటి ఆ ధైర్యం గురించి చదివినప్పుడల్లా నాకు అసూయ కలుగుతుంది.

ఇప్పుడు వరస తప్పించి వేసే చానళ్ళ బాధ కూడా తగ్గింది. ఓటీటీలో మొదటి భాగం తరువాత రెండోదే వస్తుంది. మన వాళ్ళు ఆ దారిలో బాహుబలిని తీసుకెళ్ళారు. 2017లో ‘ద లాస్ట్ లెజెండ్స్’, 2024లో ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’. రెండోదాన్ని నేను ఆశగా చూశాను. గీత మెరుగుపడింది, యుద్ధాలు బాగున్నాయి. కానీ రెండూ సినిమాలోని అసలు సంఘటనలకు ముందు జరిగేవి. బాహుబలికి, భల్లాలదేవుడికి, కట్టప్పకు చివరికి ఏమవుతుందో తెలుగునాట చంటిపిల్లలకు కూడా తెలుసు. ఎవరూ పోరు, ఎవరి మనసూ విరగదు, విరిగితే సినిమాకు అతకదు. ఢోలక్‌పూర్‌లో నిన్న లేదు, మాహిష్మతిలో రేపు లేదు.

మన దగ్గర కథ లేదా అంటే, నేను రోజూ ఆఫీసుకు వెళ్ళేది శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి పేరు పెట్టుకున్న స్టేడియం మీదుగా. వీరఘట్టంలో పుట్టాడాయన. జిల్లాలు విడగొట్టాక ఆ ఊరు మన్యం జిల్లాకు పోయింది గానీ ఆయన మా వాడే. జనం ‘కలియుగ భీముడు’ అన్నారు. విజయనగరంలో పెరిగి, వ్యాయామంతో ఒళ్ళు కట్టి, వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి, తరువాత సర్కస్ కంపెనీ నడిపాడు. గొలుసులతో కార్లను కదలకుండా ఆపేవాడని, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకునేవాడని పెద్దలు చెప్పుకుంటారు. చివరి రోజుల్లో పుండు ముదిరి కాలు తీసేయవలసి వచ్చిందనీ చెబుతారు. 1942లో పోయాడు. ఆ బలం ఛోటా భీమ్‌కు వచ్చినట్టు లడ్డూతో వచ్చింది కాదు. తెల్లవారుజామున లేచి సంపాదించుకున్నది, కాలం వచ్చి తీసుకుపోయినది. పసివాడు, సాధన చేసే కుర్రాడు, లోకం చూసినవాడు, ఒంటికాలి మీద మిగిలినవాడు. ఇలాంటి నలుగురు భీములను గీయడానికి ఖర్చవుతుంది, నిజమే. కానీ పన్నెండేళ్ళ పిల్లవాడు లేచి వెళ్ళిపోడు.

ఇదంతా ఆ రాత్రి భోజనాల దగ్గర వాడితో అనలేదు. వాడి మాట తలలో తిరుగుతుంటే పళ్ళేలు తీస్తున్నాను. వాడు చేయి కడుక్కుని వెళ్ళి అరుగు మీద అమ్మ పక్కన కూర్చున్నాడు. అమ్మ తమలపాకు ఈనె తీస్తోంది.

“నానమ్మా, చీకట్లో ఆ పిల్ల వెనకాల నడిచింది ఎవరు?”

ఏ పిల్ల అంది అమ్మ. ఆవిడకు పూర్తిగా మరుపొచ్చింది. వాడు గొర్రెపిల్ల దగ్గర మొదలుపెట్టి, ఏరు, పడవ, పులి, తేనెపట్టు, ఆగిన పట్టీ, ఆగని పట్టీ, వరస తప్పకుండా చెప్పుకొచ్చాడు, కరెంటు వచ్చి ఆగిపోయిన చోటిదాకా. మధ్యలో ఏడేళ్ళు గడిచాయి. అమ్మ ఆకు పక్కన పెట్టింది.

“రెండో పట్టీ ఎవరి దగ్గరుందిరా?”

“పడవవాడి దగ్గర.”

“ఆఁ” అంది అమ్మ, కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంటూ.